బత్తాయికి వాసనతో ముప్పు
గుత్తదారులు ముందు చూడవలసింది చిగురు

కొడిమ్యాలతో సహా జగిత్యాల జిల్లాలో పండ్ల వ్యాపారమంటే ముందు మామిడి. తెలుగు మార్కెట్లకు బత్తాయి ఎక్కువగా నల్లగొండ వైపు నుంచి, నిమ్మ గూడూరు వైపు నుంచి వస్తాయి. మామిడిలో పూత, పిందె చూసి తోటను గుత్తకు పట్టి బయానా ఇచ్చే వర్తకులు బత్తాయికి దిగితే ఇంకొక లెక్క వేసుకోవాలి. అది వాసన లెక్క.

బత్తాయి, నిమ్మ జాతులకు గ్రీనింగ్ తెగులును మోసేది సిల్లా పురుగు. పొడవు 3, 4 మిల్లీమీటర్లు. లేత చిగురు మీదనే గుడ్లు పెడుతుంది. తెగులు సోకిన చెట్టు కాయ వంకరపోయి, సరిగా రంగు తిరగక, చేదెక్కి, ముందుగానే రాలుతుంది. సోకిన చెట్టును నయం చేసే మందు ఇంకా రాలేదు.

రోగి చెట్టు మిథైల్ శాలిసిలేట్ వాసనను వదిలి పురుగును పిలుస్తుందని 2012లో ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. నొప్పుల తైలాలలో ఘాటు ఇదే. వాలిన పురుగు అక్కడ పోషకం చాలక మంచి చెట్టుకు తరలుతుంది; రోగమూ వెంట పోతుంది. ఫ్లోరిడాలో తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన అక్కడి నారింజ దిగుబడి 2023-24లో 2 కోట్లకు లోపు పడిపోయింది. తుపానులు కూడా కొంత కారణమే.

వాసన మేలు కూడా చేస్తుంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టా రైతులు జామ మధ్య వేసిన తోటల్లో సిల్లా తక్కువగా ఉండడం గమనించారు. నలిగిన జామాకు నుంచి వచ్చే గంధకపు వాసన ఈ పురుగుకు గిట్టదు. అయితే జామతో తెగులు ఆలస్యమైంది కాని ఆగలేదు.

కరివేపాకు ఇందుకు విరుద్ధం. సిల్లాకు అది ఇష్టమైన ఇల్లు. అమెరికాలోని తెలుగువారికి ఇక్కడి నుంచి పచ్చి కరివేపాకు పంపడానికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకోకపోవడానికి కారణం ఈ పురుగే.

ఒక్క పంటకు గుత్త పట్టినవారికి పోయేది కాయ. మూడు, నాలుగేళ్లకు పట్టినవారికి పోయేది చెట్టు. కనుక నారు ఎక్కడిది, రోగి చెట్లను తీసివేశారా, గట్టున కరివేపాకు ఉన్నదా, కొత్త చిగురుకు మందు కొట్టారా అని విచారించిన తరువాతనే బయానా ఇవ్వడం మంచిది.