పారవేయు పత్రిక, దాచుకొను పుస్తకము

వారపత్రిక ఇంటికి వచ్చిన పూట దానికొరకు పిల్లలును పెద్దలును పోటీపడుదురు. నెల తిరుగునప్పటికి అదే పత్రిక పాతకాగితముల వాని త్రాసులోనికి పోవును. ఈ రెంటికి నడుమ వేరొక మార్గము తెలుగు ఇండ్లలో చాలకాలము నుండి కలదు. సీరియల్ నవల పుటలను మాత్రము వారము వారము విడదీసి, వరుస తప్పకుండ పేర్చి, కథ ముగిసిన పిమ్మట బైండు చేయించి బీరువాలో నిలుపుకొనుటయే ఆ మార్గము. అట్టి పుస్తకమును తెరచి చూచిన, సగము తెగిన వ్యాపార ప్రకటనలును, వేరొక కథ తుది పంక్తులును, పత్రిక వెలువడిన తేదీయును కూడ కనబడును. చదువు అభిమానముగా ముదిరినప్పుడు అది దాచుకొనుటగా మారునని ఆ బైండు సాక్ష్యము చెప్పును.

మన ఇండ్లలో పాఠకుడు స్వయముగా చేసికొను ఈ పనిని జపాను దేశమున ప్రచురణకర్తలే చేసిపెట్టుచున్నారు. అక్కడ బొమ్మలతో నడచు కథను మాంగా అందురు. హొకుసాయి అను చిత్రకారుడు 1814లో వెలువరింప నారంభించిన రేఖాచిత్రముల సంపుటములకు ఈ పేరు ఉన్నది. కాని నేడు మాంగా అనగా బొమ్మల గళ్లును, మాటల బుడగలును కలిగి, వందల కొలది పుటలు సాగు కథ అని అర్థము. పిల్లలు మాత్రమే చదువునది కాదు. వంటను గూర్చి, చదరంగము వంటి ఆటలను గూర్చి, వైద్యమును గూర్చి, చరిత్రను గూర్చి, అన్ని వయసుల వారికిని మాంగాలు కలవు. వీనిని సేకరించి ఆనందించు అభిమానులను గూర్చి, వారి వలన లోకమునకు కలిగిన మేలును గూర్చి ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

మాంగా మొట్టమొదట పుస్తకముగా పుట్టదు, పత్రికలో పుట్టును. 1959 మార్చి 17న ‘షోనెన్ మ్యాగజీన్’, ‘షోనెన్ సండే’ అను రెండు వారపత్రికలు ఒకే దినమున వెలువడినవి. ‘షోనెన్ జంప్’ 1968లో మొదలై, మరుసటి సంవత్సరము వారపత్రిక అయినది. 1994 చివర దాని సంచిక ఒకటి 65 లక్షల ప్రతులకు మించి అచ్చయినది. ఇట్టి పత్రిక ఇటుక వలె మందముగ నుండును. అందు ఇరువది వరకు కథలు, ఒక్కొక్కటి సుమారు ఇరువది పుటల చొప్పున నడచుచుండును. కాగితము మోటుది, చౌకది. రైలులో చదివి దిగునప్పుడు విడిచిపోవుటకే అది తయారైనది. విడిచిపోవువారిని ఎవరును తప్పుపట్టరు.

పత్రికలో వచ్చిన ప్రకరణములు తొమ్మిదో పదియో కాగానే, వానిని చేర్చి దాదాపు 200 పుటల చిన్న పుస్తకముగా వేయుదురు. దీనిని తంకోబోన్ అందురు. ఇది చేతిలో ఇముడు పరిమాణము, కాగితము మేలైనది, పైన రంగుల అట్ట, దానిపై నడుము పట్టీ వలె ఒక కాగితపు పట్టీ. ఆ పట్టీకి ఒబి అని పేరు. పాఠకుడు పత్రికలో పలు కథలు రుచిచూచి, తనకు నచ్చిన దానిని మాత్రము ఇట్లు కొని దాచుకొనును. కనుక ప్రతి మాంగాకును రెండు జీవితములు ఉన్నవి. మొదటిది పారవేయుటకు, రెండవది దాచుకొనుటకు.

అయినచో పత్రిక పోయిన నష్టమేమి అని తోచవచ్చును. నష్టము కలదు. పత్రికలో రంగులలో వచ్చిన పుటలు చౌక పుస్తకమున చాలవరకు నలుపు తెలుపులుగా మారును. ఆనాటి ప్రకటనలు, పాఠకుల ఉత్తరములు, రాబోవు వారమును గూర్చిన ఊరింపు మాటలు పుస్తకమునకు ఎక్కవు. రచయిత తన బొమ్మలను దిద్దుకొనినచో మొదటి రూపము పత్రికలోనే మిగులును.

దీనికి గొప్ప ఉదాహరణము తెజుకా ఒసాము జీవితమున ఉన్నది. నేటి మాంగాకు పితామహుని వంటి ఈయన 1928లో జన్మించి 1989లో మరణించెను. సకాయి షిచిమా కథ కూర్చగా ఈయన బొమ్మలు గీసిన ‘షిన్ తకరజిమా’, అనగా ‘క్రొత్త నిధి దీవి’, 1947లో ఒసాకాలో వెలువడినది. మన ‘చందమామ’ పుట్టినదియు ఆ సంవత్సరమే, జూలై మాసమున. యుద్ధానంతర దారిద్ర్యములో చౌక కాగితముపై అచ్చయిన ఆ పుస్తకమును పిల్లలు విరగబడి చదివిరి. చదివిన పుస్తకములు చినిగిపోయినవి. తరువాత తన సమగ్ర గ్రంథావళిలో దానిని చేర్చవలసి వచ్చినప్పుడు తెజుకా మొదటి బొమ్మలను అట్లే వేయక, మరల క్రొత్తగా గీసెను. మొదటి రూపము యథాతథముగ పునర్ముద్రణ పొందినది 2009లో మాత్రమే. ఆ నడిమి కాలమున, ఒక తరమును కదలించిన ఆ పుస్తకము నిజముగ ఎట్లుండెనో తెలిసికొన గోరువారికి, ఎవరో ఒక అభిమాని పెట్టెలో మిగిలిన పాత ప్రతియే దిక్కు.

అద్దె పుస్తకముల సంగతియు ఇట్టిదే. 1950 ప్రాంతములలో జపాను పట్టణములందు కొలది రుసుమునకు పుస్తకములు అద్దెకిచ్చు అంగళ్లు చాలగ నుండెను. ఆ అంగళ్ల కొరకే ప్రత్యేకముగ మాంగాలు అచ్చయ్యెడివి. యుద్ధములో ఎడమచేయి కోల్పోయిన మిజుకి షిగెరు తన దయ్యముల కథలను ఆ అంగళ్ల కొరకే గీసెను. పెద్దవారి కథలకు తగిన గంభీరమైన చిత్రరచనకు తత్సుమి యోషిహిరో 1957లో ‘గెకిగ’ అని పేరిడినదియు ఆ వాతావరణముననే. చేతులు మారి మారి అట్టలూడిన ఆ పుస్తకములను, టెలివిజను వచ్చి అంగళ్లు మూతపడిన పిమ్మట, ఎవరు కాపాడుదురు?

అట్టి అంగడి నడిపినవాడే ఒకడు ఆ పనికి పూనుకొనెను. నైకి తోషియో 1978లో తోక్యో నగరమున ‘ఆధునిక మాంగా గ్రంథాలయము’ నెలకొల్పెను. ఆయన కూర్చినవి క్రమముగా ఒక లక్షా ఎనుబది వేల ప్రతుల వరకు పెరిగినవి. ఆ సంపద తరువాత మెయిజి విశ్వవిద్యాలయమునకు చేరినది. విమర్శకుడు యొనెజవా యోషిహిరో కూడ తన జీవితమంతయు మాంగాలను, పత్రికలను, అభిమానులు స్వయముగ అచ్చువేసికొన్న చిన్న పుస్తకములను ప్రోగుచేసెను. ఆయన 2006లో మరణింపగా, ఆ సేకరణముతో ఆయన పేరనే 2009లో మెయిజి విశ్వవిద్యాలయమున గ్రంథాలయము తెరువబడినది. క్యోతోలో మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాల భవనమున 2006లో అంతర్జాతీయ మాంగా ప్రదర్శనశాల వెలసినది. అందు సుమారు మూడు లక్షల వస్తువులు ఉన్నవి. గోడల నిండ పేర్చిన ఏబదివేల పుస్తకములలో నచ్చినది తీసికొని, బయట పచ్చికపై కూర్చుండి చదువుకొనవచ్చును. అవమానముగా చూడబడిన వ్యసనము కాలక్రమమున దేశమునకు గ్రంథభాండారమైనది.

యొనెజవా పేరు చెప్పినప్పుడు అభిమానుల సంతను కూడ చెప్పవలెను. 1975 డిసెంబరు 21న తోక్యోలో ఆయనయు మిత్రులును ‘కొమికెట్’ అను సంతను ప్రారంభించిరి. తమ బొమ్మలను తామే అచ్చువేసికొన్న 32 బృందములు ఆనాడు పాల్గొనగా, సుమారు 700 మంది వచ్చిరి. నేడది సంవత్సరమునకు రెండుమార్లు జరుగుచు లక్షలమందిని ఆకర్షించుచున్నది. అచ్చట అమ్మువారిని, కొనువారిని వేరువేరుగ చూడరు. అందరును సంతలో పాల్గొనువారే. అభిమాని కేవలము కొనువాడు కాడనియు, చదివినదానికి తన వంతు జోడించువాడనియు ఆ సంత నేర్పుచున్నది.

మాంగాకు చెల్లెలి వంటిది లైట్ నవల. అరచేతిలో ఇమిడి, జేబులో పట్టు చిన్న పరిమాణపు పుస్తకము ఇది. ఆ పరిమాణమును బుంకో అందురు. 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తు. ఇందు కథ మాటలలోనే నడచును. కాని అట్టపైనను, మొదట కొన్ని రంగుపుటలలోను, నడుమ నడుమను మాంగా పద్ధతి బొమ్మలుండును. వాక్యములు చిన్నవి, సంభాషణ హెచ్చు. 1988లో వెలువడిన మిజునో ర్యో ‘లోడొస్ ద్వీప యుద్ధము’, 1990లో మొదలైన కంజకా హజిమె ‘స్లేయర్స్’ ఈ శాఖకు దారితీసినవి. 2003లో తనిగవా నగరు వ్రాసిన ‘సుజుమియా హరుహి విషాదము’ దీనికి దేశాంతర ఖ్యాతి తెచ్చినది. దానికి బొమ్మలు వేసిన ఇతో నోయిజి పేరును అభిమానులు రచయిత పేరుతో సమానముగ తలచుదురు. లైట్ నవలను దాచుకొనువాడు ఒకే పుస్తకమున ఇద్దరు కళాకారులను దాచుకొనుచున్నాడు.

ఇక ఆనందించు విధము. మాంగా పుటను కుడి నుండి ఎడమకు, పై నుండి క్రిందికి చదువవలెను. పుస్తకమును మన లెక్కకు వెనుకనుండి తెరువవలెను. పూర్వము ఆంగ్లానువాదములలో బొమ్మలను అద్దములో వలె త్రిప్పి వేసెడివారు. అందువలన కుడిచేతి వీరుడు ఎడమచేతి వాడయ్యెడివాడు. ఇప్పుడు చాలవరకు మూలక్రమమునే నిలుపుచున్నారు. మొదటి చదువులో కథ లాగుకొని పోవును. రెండవ చదువులో గాని, మాటలేని గడి ఎందుకున్నదో, వానచప్పుడును సూచించు అక్షరములు బొమ్మలో ఎట్లు కలసిపోయినవో, పుట త్రిప్పు క్షణమునకే చిత్రకారుడు ఆశ్చర్యమును ఎట్లు దాచియుంచెనో తెలియదు. ఆ రెండవ చదువు కొరకే పుస్తకమును దాచుకొనుట.

దాచుట యందు కొన్ని మెలకువలు కలవు. పుస్తకపు తుదిపుటలో అచ్చైన తేదీయు, ఎన్నవ ముద్రణమను వివరమును ఉండును. పాత పుస్తకము కొనునప్పుడు ముందు దానిని చూడవలెను. ఒబి పట్టీని చింపివేయరాదు. ఎక్కువమంది పారవేయుట చేతనే అది అరుదగుచున్నది. ఎండ నేరుగ తగిలిన అట్ట వెలిసిపోవును. చౌక కాగితము వెలుతురుకును వేడికిని పసుపుబారి పెళుసగును. తేమ బూజును తెచ్చును. మన కోస్తా జిల్లాల వంటి ఉక్కపోత చోట బీరువాను గోడకు ఆనింపక కొంచెము ఎడముంచి, నెలకొకమారు పుస్తకములను తీసి గాలి తగులనిచ్చుట మేలు. మరీ బిగియించి పేర్చినచో అట్టల మూలలు నలుగును.

అయినను దాచుటయే పరమావధి కారాదు. కొని, చదువక, గుట్టలుగ పెట్టుటకు జపాను భాషలో ‘త్సుందోకు’ అని ఒక మాటయే ఉన్నది. దానిని వారు కొంత నవ్వుచు, కొంత సిగ్గుపడుచు వాడుదురు. వెల పెరుగునను ఆశతో, విప్పని కవరులో పుస్తకమును బంధించుట వర్తకమగును గాని అభిమానము కాదు. నైకి తోషియో తన పుస్తకములను తాళము వేసికొనక, వచ్చిన వారిచేత చదివించెను. అందుచేతనే అవి నేడు మిగిలినవి.

మన దేశమునకును మాంగాతో ఒక బంధము ఉన్నది. తెజుకా 1972 నుండి 1983 వరకు గీసిన ‘బుద్ధ’ గౌతముని జీవితకథ. దాని ఆంగ్లానువాదము మన పుస్తకముల అంగళ్లకు వచ్చినది. తెలుగు యువజనులలో మాంగా చదువువారు నేడు పలువురు ఉన్నారు. వారిలో కొందరు ఫోనులలో దొంగప్రతులను చదువుచున్నారు. వెల భారమగుట వాస్తవమే. కాని దొంగప్రతి వలన గీసినవానికి కాసైనను చేరదు. జపానులో 2021 జనవరి నుండి అట్టి మాంగాలను తెలిసి దింపుకొనుటయు చట్టవిరుద్ధమైనది. పది సంపుటములను దొంగతనముగ చూచుటకంటె, ఒక సంపుటమును కొని నలుగురు మిత్రులు పంచుకొని చదువుట మేలని మా అభిప్రాయము.

ఇంటిలో బిడ్డ బొమ్మల పుస్తకములు పేర్చుకొనుచున్నప్పుడు, చోటు చాలదని విసుగుకొనుట సహజము. చోటునకు హద్దు పెట్టుడు. ఒక అర ఇచ్చి, అది నిండినప్పుడు ఏది ఉంచవలెనో ఏది ఇచ్చివేయవలెనో బిడ్డనే తేల్చుకొననిండు. ఆ ఎంపికలోనే అభిరుచి పెరుగును. కాని తన ఎదుట లేనప్పుడు వానిని పాతకాగితముల వానికి వేయకుడు. తోక్యోలోని ఆ గ్రంథాలయములు కూడ ఒకప్పుడు ఎవరో ఇంటిలో అడ్డముగ నున్న గుట్టలే.