సరిహద్దు దాటితే రెండెకరాలు నాలుగవుతాయా?

కోఠి: "ఇక్కడ రెండెకరాలు అమ్మితే అక్కడ నాలుగొస్తయంటున్నరు బిడ్డా. నల్లరేగడి భూమి. కాలువ నీళ్ళు. బోరు బాధ లేదు."

కోఠి పాత పుస్తకాల దుకాణాల ముందు నిలబడి మక్తల్ ప్రాంతపు రైతు ఒకరు తన చిన్న కొడుకుతో అన్న మాటలివి. కొడుకు అశోక్‌నగర్‌లో నలుగురితో కలిసి గది తీసుకుని, పగలంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని గ్రూపు పరీక్షలకు చదువుతున్నాడు. అతనికి నెల ఖర్చులు ఇవ్వడానికి, భూమి సంగతి తేల్చుకోవడానికి తండ్రి ఊరి నుంచి వచ్చారు. వేరే పని మీద వచ్చిన ఈ విలేకరి కూడా వారి వెంట ఉన్నాడు.

వారికి ఊరిలో ఉన్నది రెండెకరాలే. రెండు బోర్లు ఎండిపోయాయి. పెద్ద కొడుకు వ్యవసాయం చేస్తున్నాడు. కృష్ణా నది దాటితే రాయచూరు జిల్లా. అక్కడ తుంగభద్ర ఎడమ కాలువ కింద భూమి ఇప్పిస్తానని మధ్యవర్తి ఒకరు వారం వారం ఇంటికి వచ్చి పోతున్నాడు. మూడు రోజుల్లో బయానా ఇవ్వకపోతే బేరం చెయ్యి దాటిపోతుందని తొందరపెడుతున్నాడు.

అంతా విన్న కొడుకు ఒకే ప్రశ్న వేశాడు. "అన్నీ మంచిగనే ఉన్నయి నాయినా. మరి పాప సంగతి?"

పాప అంటే పెద్ద కొడుకు కూతురు. ఊరి బడిలో రెండో తరగతి పూర్తి చేసింది. భూమి బేరానికి, పాపకు ఏమి సంబంధమో తండ్రికి వెంటనే అర్థం కాలేదు. ఈ జిల్లాలో ఇటువంటి ఆలోచనలో ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి గనుక, ఆ రోజు సాయంత్రం జరిగిన చర్చలోని మంచి చెడులను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

నీటి వెంట నడిచిన వారు

సరిహద్దు దాటి సాగుకు వెళ్ళడం తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాద్, మద్రాసు ప్రభుత్వాలు కలిసి తుంగభద్ర ఆనకట్ట పనులు 1945లో ప్రారంభించాయి. 1953 నాటికి కాలువలకు నీరు వచ్చింది. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు బండ్లు కట్టుకుని గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతాలకు తరలివెళ్ళారు. జొన్న, పత్తి మెట్టపంటలుగా పండించే స్థానికుల వద్ద చవకగా భూములు కొన్నారు. తుప్పలు కొట్టి, మడులు చేసి, వరి నాటారు. వారు గుడిసెలు వేసుకున్న చోట్లను 'క్యాంపులు' అన్నారు. గంగావతి దగ్గరి శ్రీరామనగర్ వంటి క్యాంపులు నేడు పెద్ద ఊళ్ళు. గంగావతి, సింధనూరు బియ్యం మిల్లులకు పేరు. సోనా మసూరి అంటే ఆ వైపు పేరే ముందు వినిపిస్తుంది.

మక్తల్ రైతుకు ఇంకొన్ని సౌకర్యాలు ఉన్నాయి. రాయచూరు బజారులో తెలుగు మాట చెల్లుతుంది. బంధువులు చాలా మందికి నది రెండు ఒడ్డులా ఉన్నారు. పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరవచ్చు. కర్ణాటకలో కూడా 10 హార్స్‌పవర్ వరకు పంపుసెట్టుకు కరెంటు ఉచితం. 2023 నుంచి అక్కడి ప్రభుత్వం ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు ఇస్తోంది. పెద్దాయన ఆశ పడడంలో తప్పు లేదు.

కాలువ మొదలు వేరు, చివర వేరు

అయితే కాలువ కింద భూమి అన్నంత మాత్రాన నీరు ఉన్నట్టు కాదు. తుంగభద్ర ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. అంతటా వరి పండించడానికి ఆ కాలువను ఉద్దేశించలేదు. ఎక్కువ భాగం ఆరుతడి పంటలకే నీరు ఇవ్వాలని మొదట లెక్క వేశారు. పై భాగంలో రైతులు వరి వేసి నీరంతా వాడుకోవడంతో చివరన ఉన్న మాన్వి, రాయచూరు తాలూకాలకు నీరు అందక ఏటా ఆందోళనలు జరుగుతున్నాయి. మధ్యవర్తి చూపించే చవక భూమి తరచు ఈ చివరి భాగంలోనే ఉంటుంది. చవక కావడానికి కారణం అదే.

పై భాగంలో ఇంకొక చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి వరి మీద వరి వేసి, మురుగు పోయే దారి లేక, కొన్ని భూములు చౌడు పట్టాయి. ఎండాకాలంలో చూస్తే తెల్లగా ఉప్పు పేరుకుని కనిపిస్తుంది. నాట్ల కాలంలో చూస్తే పచ్చగానే ఉంటుంది.

ఆనకట్ట సంగతి కూడా తెలుసుకోవాలి. మొదట 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. నిండిన జలాశయం నుంచి నీరు నదిలోకి వదలవలసి వచ్చింది. వారం రోజుల్లో తాత్కాలికంగా అడ్డు బిగించారు గాని, ఆ వారం కాలువ కింది రైతులకు నిద్ర లేదు.

పక్క రాష్ట్రంలో ఉన్న నీటి మీద ఆధారపడడం ఎలా ఉంటుందో గద్వాల, ఆలంపూర్ రైతులకు చెప్పనవసరం లేదు. రాజోలిబండ మళ్ళింపు పథకం ఆనకట్ట రాయచూరు జిల్లాలో ఉంది. ఆయకట్టులో 87,500 ఎకరాలు మన వైపు ఉన్నాయి. వాటా 15.9 టీఎంసీలు. ఆ వాటా పూర్తిగా చేరక చివరి పొలాలు ఎండిన ఏళ్ళు ఎన్నో.

కాగితం ముందు, బయానా తరువాత

పూర్వం కర్ణాటకలో వ్యవసాయదారుడు కాని వాడు సాగుభూమి కొనడానికి చట్టం అడ్డు ఉండేది. 2020లో ఆ నిబంధనలు తొలగించారు. కాని అంతకంటె ముఖ్యమైన అడ్డు ఒకటి నిలిచే ఉంది. దళితులకు, గిరిజనులకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే 1978 నాటి చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. కొన్నవాడి నుంచి భూమి తీసుకుని మొదటి యజమానికి గాని, అతని వారసులకు గాని ఇప్పిస్తారు. కొన్నవాడు ఇచ్చిన డబ్బు పోయినట్టే. ఎన్నేళ్ళ తరువాతనైనా ఫిర్యాదు చేయవచ్చునని 2023లో చట్టాన్ని సవరించారు. పేదవాడి భూమి పేదవాడికి మిగలాలన్న న్యాయం అందులో ఉంది. తెలియక కొన్న ఇంకొక పేదవాడు మాత్రం నలిగిపోతాడు.

అందువల్ల పహాణీ ఒక్కటి చూసి తృప్తి పడరాదు. పహాణీలో యజమాని పేరుతో పాటు అప్పులు, ఇతరుల హక్కులు రాసే గడి కూడా ఉంటుంది. అది కన్నడంలో ఉంటుంది. మన అక్షరాలకు దగ్గరగా ఉండడంతో కూడబలుక్కుని చదివేస్తామనుకోవడం ప్రమాదం. ఆ భూమి మొదట ఎవరికి, ఎలా వచ్చిందో పాత రికార్డు తీయించి, అక్కడి వకీలుతో చదివించుకోవాలి. మధ్యవర్తి కుదిర్చిన వకీలు కాకుండా మనం వెతుక్కున్న వకీలు అయితే మేలు.

పాప 'లోకల్' ఏది?

ఇప్పుడు చిన్న కొడుకు అడిగిన ప్రశ్నకు వద్దాం. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడే స్థానికత. స్థానిక ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. పాప ఇక్కడ చదివింది రెండేళ్ళు. ఇప్పుడే నది దాటితే ఇక్కడి స్థానికత పోతుంది.

మరి అక్కడ? రాయచూరు, కొప్పళ, బళ్ళారి, కలబురగి, యాదగిరి, బీదర్ జిల్లాలకు రాజ్యాంగ 98వ సవరణతో 371 జె అధికరణం కింద ప్రత్యేక హోదా వచ్చింది. ఆ ప్రాంతాన్ని 2019 నుంచి కల్యాణ కర్ణాటక అంటున్నారు. చదువులో, ఉద్యోగాల్లో అక్కడి స్థానికులకు ప్రత్యేక కోటా ఉంది. దానికి అక్కడ పుట్టి ఉండాలి, లేదా ఏళ్ళ తరబడి నివాసం ఉండాలి. నిన్న వచ్చిన కుటుంబంలో పిల్లకు అది వెంటనే రాదు. అంటే ఆ పిల్లకు ఇక్కడిది పోయి, అక్కడిది రాని కాలం ఒకటి ఉంటుంది.

కులం సర్టిఫికెట్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ, కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం. బోయలు ఇక్కడ వెనుకబడిన తరగతి, అక్కడ వాల్మీకి నాయకులు షెడ్యూల్డ్ తెగ. కొత్తగా వెళ్ళిన వారికి అక్కడి హోదా వస్తుందని మధ్యవర్తులు చెప్పే మాట నమ్మరాదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళిన గిరిజన విద్యార్థికి అక్కడి వైద్య కళాశాలలో రిజర్వేషన్ వర్తించదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్ళిన వారి వెంట పక్క రాష్ట్రానికి నడిచి రాదు.

అమ్మితే పోయేవి

ఇక్కడి రెండెకరాలు అమ్మితే పట్టా పోతుంది. పట్టాతో పాటు 2018 నుంచి ఉన్న 5 లక్షల రూపాయల రైతు బీమా పోతుంది. 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి ఇవ్వదలచిన 12,000 రూపాయలు పోతాయి. ఇటువంటి పథకాల కోసమే 2021లో రాయచూరు శాసనసభ్యుడు ఒకరు తమ ప్రాంతాన్ని తెలంగాణలో కలపాలన్నంత దూరం వెళ్ళారు. అటు వారు ఇటు చూస్తున్నారు, ఇటు వారు అటు చూస్తున్నారు.

సరిహద్దులో ఉంటే రెండు వైపులా తినవచ్చునని కొందరు వేళాకోళంగా అంటారు. కెరమెరి మండలంలో పరందోళి మొదలైన ఊళ్ళను తెలంగాణ, మహారాష్ట్ర రెండూ తమవే అంటాయి. అక్కడ ఇద్దరు సర్పంచులు, రెండు రేషన్ కార్డులు ఉన్న మాట నిజమే. కాని దున్నుకునే భూమికి పట్టా కోసం ఆ జనం దశాబ్దాలుగా తిరుగుతున్నారు. రెండు కార్డుల కంటె ఒక పట్టా విలువైనది.

కోఠిలో గీసిన గీతలు

వారు మాట్లాడుకుంటున్న చోటికి కూతవేటు దూరంలో మహిళా కళాశాల ఉంది. ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ పేరిట విశ్వవిద్యాలయం. అందులోని పాత భవనం 1803లో కిర్క్‌పాట్రిక్ కాలంలో మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాము చేత 1800లో బళ్ళారి, అనంతపురం, కడప మండలాలను కుంఫిణీకి ఇప్పించింది ఆ రెసిడెంటే. 1853లో సైన్యం ఖర్చుల బకాయి కింద రాయచూరు అంతర్వేదిని కూడా తీసుకున్నారు, 1860లో తిరిగి ఇచ్చారు. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. అంతదాకా ఆ జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపూర్ తాలూకాలు ఇటు వచ్చాయి.

భూమి కదలలేదు, రైతు కదలలేదు. గీత మాత్రం మారింది. గీత ఏ వైపు ఉంటే ఆ వైపు చట్టం, ఆ వైపు బడి, ఆ వైపు నీటి లెక్క. అందుకే సరిహద్దు దాటే రైతు భూమితో పాటు ఆ గీతను కూడా కొంటున్నాడు.

తేలిన లెక్క

ఈ మాటలన్నీ అయ్యేసరికి చీకటి పడింది. పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత, "అమ్ముడు వద్దు. ముందు కౌలుకు పట్టి చూద్దాం" అన్నారు.

వారి నిర్ణయం ఇది. ఇక్కడి రెండెకరాలు అమ్మరు. పెద్ద కొడుకు రెండేళ్ళు అక్కడ మూడెకరాలు కౌలుకు చేస్తాడు. రెండు పంటకాలాల్లో నీరు ఎన్నాళ్ళు వస్తుందో, ఎండాకాలంలో నేల తెల్లబడుతుందో లేదో కళ్ళారా చూస్తాడు. పాప నానమ్మ దగ్గర ఉండి ఇదే బడిలో మూడు, నాలుగు తరగతులు చదువుతుంది. ఆ రెండేళ్ళతో నాలుగేళ్ళ లెక్క కూడా నిండుతుంది. కొనడమా, మానడమా అన్నది అప్పుడు.

"బేరం పోతది కదా నాయినా?" అని కొడుకే అడిగాడు. "పోతే పోనీ. మూడు దినాలల్ల పోయే భూమి మనకొద్దు" అన్నారాయన.

కౌలులోనూ నష్టం లేకపోలేదు. పాప రెండేళ్ళు తల్లిదండ్రులకు దూరంగా ఉండాలి. ఇంట్లో అందరికంటె ఈ భారం ఆ పిల్ల మీద, దాని తల్లి మీద పడుతుంది. ఆ తల్లిని ఇంకా ఎవరూ అడగలేదని చిన్న కొడుకు గుర్తు చేశాడు. ఊరికి పోయి ముందు ఆమెతో మాట్లాడతానని పెద్దాయన మాట ఇచ్చారు.

వెళ్ళదలచిన వారు బయానాకు ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. భూమి కాలువ మొదట్లో ఉందా, చివర ఉందా? ఎండాకాలంలో ఆ నేలను చూశారా? అది మొదట ఎవరికి, ఎలా వచ్చిన భూమి? ఇంట్లో చిన్న పిల్ల ఎన్నో తరగతి? ఈ నాలుగింటికీ జవాబు దొరికిన వారు సంతోషంగా వెళ్ళవచ్చు. క్యాంపులకు వెళ్ళి బాగుపడిన వారు ఎందరో ఉన్నారు. జవాబు లేని వారు మాత్రం కౌలుతో మొదలుపెట్టడం క్షేమం.

మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌లో పెద్దాయన రాయచూరు బస్సు ఎక్కారు. మక్తల్‌లో దిగిపోతారు. పక్క సీట్లో చిన్న పిల్లతో ఒక తల్లి ఉంది. ఆడవారికి మన రాష్ట్రపు హద్దు దాకా టికెట్టు లేదు. హద్దు దాటిన తరువాత చార్జీ ఎంతని ఆమె కండక్టరును అడుగుతోంది.