దెబ్బతిన్న మూత్రపిండం మరల పనిచేస్తుందా?

మన వీపువైపు, నడుముకు కొంచెం పైన, వెన్నెముకకు ఇరువైపులా రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్కటి పెద్దవారి పిడికిలంత ఉంటుంది. దానిలో సుమారు 10 లక్షల సన్నని వడపోత నాళాలు రక్తంలోని మలినాలను వేరుచేస్తూ ఉంటాయి. రెండూ పూర్తిగా చెడిపోయినవారు డయాలిసిస్ మీద ఆధారపడాలి, లేదా మరొకరి మూత్రపిండాన్ని అమర్చుకోవాలి. ఆసుపత్రిలో అయితే సాధారణంగా వారానికి 3 రోజులు, రోజుకు 4 గంటల సేపు యంత్రం ప్రక్కన గడపవలసిందే. మీ బంధువులలో అటువంటివారు ఉంటే ఆ కష్టం మీకు చెప్పనక్కరలేదు.

మరణించినవారి మూత్రపిండాన్ని రోగికి అమర్చే ప్రయత్నం 1933లో ఉక్రెయిన్‌లో యూరీ వొరొనోయ్ చేశాడు. అది ఫలించలేదు. 1962లో అమెరికాలో జోసెఫ్ మర్రీ బృందం చేసిన ప్రయత్నం ఫలించింది.

ఇప్పుడొక చిక్కు ఉంది. ప్రమాదంలో గాయపడి, రక్తం పోయి, గుండె కొట్టుకోవడం కొంతసేపు ఆగినవాని మూత్రపిండాలకు రక్తం అందదు. నాళాల లోపలి కణాలు దెబ్బతింటాయి. రక్తంలో క్రియాటినిన్ అనే మలినం పెరుగుతుంది. ఆ అంకె చూసి వైద్యులు అనేక మూత్రపిండాలను వద్దనుకొన్నారు. అందులో పనికివచ్చేవి ఎన్నో!

చలిదేశాలలో మనవారు కిటికీ దగ్గర పెంచే కరివేపాకు మొక్కను మీరు చూసే ఉంటారు. శీతకాలంలో ఆకులన్నీ రాలి ఎండుపుల్లలా నిలుస్తుంది. వేరు బ్రతికి ఉంటే వేసవికి చిగురిస్తుంది. ఆ నాళాల కణాలూ అంతే. రక్తం మరల అందితే కొత్త కణాలు పుడతాయి. మధుమేహం, రక్తపోటు ఏళ్ళ తరబడి చేసిన మచ్చలు మాత్రం మానవు. అందుకే వైద్యులు దాత పాత పరీక్షల ఫలితాలు చూస్తారు. అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. పైపొర చాలాభాగం చచ్చిపోయి ఉంటే తీసుకోరు.

ఇటువంటి మూత్రపిండం అమర్చిన వెంటనే పనిచేయకపోవచ్చు. కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారాలు డయాలిసిస్ తప్పదు. రోగికి ఇది ముందే చెప్పాలి. లేకపోతే ఆపరేషను విఫలమైందని బెంగపడతాడు. అయితే అమెరికాలోను, బ్రిటన్‌లోను జరిగిన పరిశీలనలలో, జాగ్రత్తగా ఎంచిన ఇటువంటి మూత్రపిండాలు సంవత్సరం గడిచాక మిగిలినవాటితో దాదాపు సమానంగానే పనిచేశాయి.

బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాలవారు మూత్రపిండం కోసం ఎక్కువకాలం వేచి ఉంటున్నారు. మనలో బి వర్గం రక్తం ఎక్కువ, దాతలు తక్కువ. వేల్స్‌లో 2015 నుండి, ఇంగ్లండులో 2020 నుండి, వద్దని నమోదు చేసుకోని పెద్దవారు అవయవదానానికి ఒప్పుకున్నట్లే చట్టం భావిస్తుంది. అయినా నర్సు వచ్చి కుటుంబాన్ని అడుగుతుంది: "ఈ విషయం మీతో ఎప్పుడైనా మాట్లాడారా?" అమ్మానాన్నలను మీరు అడిగి చూడండి, వారేమంటారో.