వెతికితే దొరికే ముచ్చట్లు

పత్తి ఏరుడు జోరందుకున్నాక జమ్మికుంట మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరుతాయి. తూకం వంతు వచ్చేదాకా రైతుకు గంటలకొద్దీ ఎదురుచూపు. ఒకప్పుడు ఆ సమయం చాయ్ హోటల్ బెంచీ మీద గడిచిపోయేది. ఇప్పుడు ట్రాక్టర్ సీటు మీదే ఫోన్ తెరుచుకుంటుంది. ఎదురొచ్చిన వీడియో నడుస్తుంది, అది అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఏం చూడాలని కూర్చున్నాడో ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన కూడా అనుకోలేదు.

ఇంటర్నెట్‌లోకి ఏ దారిన పోవాలో ఫోన్ తయారుచేసిన కంపెనీ ముందే నిర్ణయించి పెట్టింది. లోపలికి పోయాక ఏం చూడాలో యాప్ లెక్కగట్టి పెడుతున్నది. ఈ రెండు నిర్ణయాలనూ మన చేతిలోకి తెచ్చుకోవచ్చు. అందుకు పెద్ద చదువేమీ అక్కరలేదు.

వెతుక్కుని చూడదగ్గవి మన పక్క ఊళ్లలోనే ఉన్నాయి. జమ్మికుంట నుంచి కరీంనగర్ మీదుగా జగిత్యాల దారి పడితే కొండగట్టు వస్తుంది. అంజన్న గుడి ఉన్న ఆ మల్యాల మండలంలోనే లంబాడిపల్లి అనే చిన్న ఊరుంది. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో అక్కడి నుంచి ‘మై విలేజ్ షో’ అనే యూట్యూబ్ చానల్ మొదలుపెట్టారు. స్టూడియో లేదు, సెట్టింగులు లేవు. ఊరి వాకిళ్లు, పొలం గట్లు, రచ్చబండలే సెట్లు. పండుగకు ఇల్లు ఎట్లా ఉంటుంది, పెండ్లికి చుట్టాలు ఎట్లా అలుగుతారు వంటివే కథలు. మాట్లాడేది ఊరి యాసలోనే. ఉపాధ్యాయుడిగా పనిచేసిన అనిల్ జీల లాంటి యువకులు అందులో నటులయ్యారు. శ్రీకాంత్‌కు అత్త వరుసయ్యే మిల్కూరి గంగవ్వ ఆ చానల్‌కు ముఖచిత్రమయింది.

గంగవ్వకు పెద్ద చదువు లేదు. కూలి పని చేసింది, బీడీలు చుట్టింది. కెమెరా ముందు ఆమె కొత్తగా నేర్చుకున్నది తక్కువే, ఊళ్లో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడింది. 2019లో ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాలో కనిపించింది. 2020లో బిగ్ బాస్ తెలుగు నాలుగో సీజన్‌కు వెళ్లి, ఆరోగ్యం సహకరించక మధ్యలోనే బయటికి వచ్చింది. ఆ తర్వాత సొంత ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకుంది. 2024లో ఎనిమిదో సీజన్‌లో మళ్లీ అడుగుపెట్టింది. తెలంగాణ యాస చాలాకాలం సినిమాల్లో నవ్వులాటకో, విలన్ పాత్రకో పరిమితమై ఉండేది. అదే యాస ఒక ముసలామె నోట ఇంటింటికీ చేరింది. కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయిన వేలాది మంది కార్మికులకు అది విడిచి వచ్చిన వాకిలి కూడా.

ఈ చానల్‌కు జనం చేరిన కాలాన్ని గమనించాలి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. మొదటి కొన్ని నెలలు డేటా ఉచితమే కావడంతో అంతకుముందు వీడియో తెరవడానికే వెనకాడిన పల్లెలు చూడటం మొదలుపెట్టాయి. ఆ తర్వాత వాట్సాప్‌లో ఒకరు ఇంకొకరికి పంపుకున్నారు. నచ్చిన కార్యక్రమం గురించి మనిషి మనిషికి చెప్పే ఆ పద్ధతిని మించిన సిఫారసు ఇప్పటికీ లేదు.

యూట్యూబ్ చేసే సిఫారసు వేరు. ఇంతకుముందు మీరేం చూశారు, ఎంతసేపు చూశారు, మీలాంటివాళ్లు ఏం చూస్తున్నారు అన్నదాన్ని బట్టి అది తర్వాతి వీడియో పెడుతుంది. మిమ్మల్ని అక్కడే కూర్చోబెట్టడం దానికి కావాలి. అందుకే కోడిపందెం వీడియో ఒకటి చూస్తే వారం పాటు కోళ్లే వస్తాయి. తప్పించుకునే దారులు ఆ యాప్‌లోనే ఉన్నాయి. ఆటోప్లే ఆపేయండి. మొదటి పేజీ వదిలి ‘సబ్‌స్క్రిప్షన్స్’ నొక్కితే మీరు ఎంచుకున్న చానళ్ల కొత్త వీడియోలు ఏ రోజువి ఆ రోజు వరుసగా కనిపిస్తాయి. వెతికేటప్పుడు తెలుగు లిపిలో కొట్టి చూడండి, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే రానివి చాలా వస్తాయి.

ఇక ఇంటర్నెట్‌లోకి పోయే తలుపు సంగతి. ‘గూగుల్‌లో కొట్టు’ అంటాం కానీ, గూగుల్ వెతికిపెట్టే సైటు మాత్రమే. ఆ సైటునైనా, మరే సైటునైనా తెరిచి చూపేది బ్రౌజర్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది క్రోమ్. కొన్నప్పుడే అందులో ఉంటుంది కాబట్టి మరొకటి ఉందన్న ఆలోచనే రాదు. ఇట్లా తన యాప్‌లన్నీ ముందే పెట్టించడం మీద 2022 అక్టోబర్‌లో సీసీఐ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. సీసీఐ అంటే జమ్మికుంటలో పత్తి కొనే సంస్థే గుర్తొస్తుంది. ఇది వేరు, వ్యాపారంలో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్.

బ్రౌజర్ల చరిత్రలో రాజు మారడం కొత్త కాదు. 1993లో మొజాయిక్ వచ్చింది, తర్వాత నెట్‌స్కేప్. దాన్ని మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పడగొట్టింది. 2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో క్రోమ్ వచ్చి ఎక్స్‌ప్లోరర్‌ను వెనక్కి నెట్టాయి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే దానికి మద్దతు ఆపేసింది. ఇప్పుడు పైకి పేర్లు ఎన్ని ఉన్నా ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ వంటివన్నీ గూగుల్ తయారుచేసిన క్రోమియం పునాది మీదే నడుస్తున్నాయి. చెన్నైకి చెందిన జోహో 2023లో తెచ్చిన ఉలా కూడా అదే పునాది మీద కట్టింది. సొంత పునాది ఉన్న పెద్ద బ్రౌజర్లు ఆపిల్ సఫారీ, మొజిల్లా ఫైర్‌ఫాక్స్.

తక్కువ డేటాతో నడుస్తుందని మన దగ్గర చౌక ఫోన్లలో ఎక్కువమంది వాడింది యూసీ బ్రౌజర్. దానిలో ఉన్న ప్రమాదం వాడినవాళ్లకు తెలియదు. అది ఫోన్ గుర్తింపు, ఉన్న చోటు వంటి వివరాలను సరైన రక్షణ లేకుండా బయటికి పంపుతున్నదని కెనడాలోని సిటిజన్ ల్యాబ్ 2015లోనే బయటపెట్టింది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తో పాటు అదీ ఉంది. పేపర్లన్నీ టిక్‌టాక్ గురించే రాశాయి. నిజానికి బ్యాంకు పాస్‌వర్డు కొట్టేది బ్రౌజర్‌లో కాబట్టి యూసీ గురించే ఎక్కువ మాట్లాడాల్సింది.

ఏది ఎంచుకోవాలి? ఒక్కటే ఉండాలన్న నియమం లేదు, రెండు పెట్టుకోవడం మేలు. బ్యాంకు, భూభారతి వంటి పనులకు ఒకటి, చూడటానికి చదవడానికి ఇంకొకటి. రెండోదానికి ఫైర్‌ఫాక్స్ మంచి ఎంపిక. మెనూలు తెలుగులో ఉంటాయి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ప్రకటనలు ఆపే పొడిగింపులు (ఎక్స్‌టెన్షన్లు) పెట్టుకోవచ్చు. బ్రేవ్ అయితే ప్రకటనలను తనంతటతానే అడ్డుకుంటుంది. ఏది వాడినా అప్‌డేట్ వాయిదా వేయొద్దు. ‘నోటిఫికేషన్లు పంపమంటారా’ అని కొత్త సైటు అడిగితే వద్దనండి. ఫోన్‌లో అర్ధరాత్రి లాటరీ, లోన్ ప్రకటనలు మోగడానికి తరచుగా కారణం ఎప్పుడో నొక్కిన ఆ ‘అలో’. ఇన్‌కాగ్నిటో కిటికీలో చూసినదాని చరిత్ర మీ ఫోన్‌లో మిగలదు, అంతే. నెట్ ఇచ్చే కంపెనీకీ, తెరిచిన సైటుకూ మీరు కనిపిస్తూనే ఉంటారు.

వీడియోలకు ఉన్నంత పేరు ఆడియోకు మన పల్లెల్లో ఇంకా రాలేదు. అసలు పొలంలో, బండి మీద, వంటింట్లో పనికొచ్చేది అదే, కళ్లు చేతులు ఖాళీగా ఉంటాయి. గంట ఆడియోకు కొద్దిపాటి డేటా చాలు. మామూలు వీడియో గంటకు అంతకు ఎన్నో రెట్లు మింగుతుంది. కాలిఫోర్నియా నుంచి ‘కౌముది’ పత్రిక నడిపే కిరణ్ ప్రభ రచయితల, గాయకుల, నటుల జీవితాలను గంటలకొద్దీ చెబుతారు. నెట్‌లో భాగాలుగా వచ్చే ఆడియో కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్ అంటారు. ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్‌లో తెలుగు కథలు, రచయితలతో సంభాషణలు వినవచ్చు. ‘దాసుభాషితం’ తెలుగు పుస్తకాలను చదివి వినిపిస్తుంది. ఆకాశవాణి ప్రసారాలు న్యూస్ఆన్ఎయిర్ యాప్‌లో వస్తాయి.

పాడ్‌కాస్ట్ అన్న మాట పుట్టింది 2004లో. దాని అందమంతా ఒక చిన్న ఏర్పాటులో ఉంది. సాధారణంగా ప్రతి కార్యక్రమానికీ ఆర్ఎస్ఎస్ అనే చిరునామా ఉంటుంది, ఆ చిరునామాను తీసుకునే ఏ యాప్‌లో పెట్టినా కొత్త భాగాలు అక్కడికే వస్తాయి. 2024లో గూగుల్ తన పాడ్‌కాస్ట్ యాప్‌ను మూసేసినప్పుడు, చిరునామాలు దింపుకున్నవాళ్లు మరో యాప్‌కు మారిపోయి వింటూనే ఉన్నారు. యాంటెన్నాపాడ్ వంటి ఉచిత యాప్ ఇందుకు సరిపోతుంది. సిఫారసుల గోల లేదు, పెట్టుకున్నవే వస్తాయి.

చదవడం రానివాళ్లకు ఈ వెతుకులాట ఇంకా అవసరం. గూగుల్ 2017 నుంచి తెలుగు మాటను గుర్తుపడుతున్నది. మీ ఇంట్లో నాయనమ్మో, అమ్మమ్మో ఉంటే ఈ రాత్రే ఫోన్ చేతికిచ్చి, మైకు గుర్తు చూపించి, తనకు కావల్సింది తన మాటల్లోనే అడగనివ్వండి. వచ్చినవాటిలో నచ్చినదాన్ని సబ్‌స్క్రైబ్ చేసివ్వండి. రేపు యార్డుకు బండి కట్టేవాళ్లు ఇంట్లో ఉంటే, పొద్దున్నే రెండు ఎపిసోడ్లు దింపి పంపండి.