బెంగళూరు వదిలిన నీళ్లు, హోసూరు ఏట్లో నురగ

వానలు పడి కెలవరపల్లి డ్యామ్ గేట్లు ఎత్తారంటే హోసూరు వైపు పిల్లలకు అదొక వింత. ఏటి మీద తెల్లటి నురగ గుట్టలుగా తేలివస్తుంది. ఒక్కోసారి ఒడ్డు దాటి రోడ్డు మీదికీ పొర్లుతుంది. దూదిలా ఉందని దగ్గరికి పోతే కంపుకు ముక్కు మూసుకోవాల్సిందే. ఈ నురగకు చాలా మటుకు కారణం హోసూరులో లేదు, ఎగువన బెంగళూరులో ఉంది.

నంది కొండల ప్రాంతంలో పుట్టే రెండు పినాకినుల్లో ఉత్తర పినాకిని మన పెన్న అయి నెల్లూరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని బెంగళూరుకు తూర్పుగా దిగి హోసూరు, కృష్ణగిరి మీదుగా కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. తమిళంలో దాని పేరు తెన్‌పెణ్ణై.

బెంగళూరు పక్కన పెద్ద నది లేదు. సుమారు 100 కిలోమీటర్ల అవతల నుంచి కావేరి నీళ్లను పైపుల్లో ఎక్కించుకుని తాగుతుంది. వంటకు, స్నానానికి, బట్టలకు వాడి వదిలిన ఆ నీళ్లలో కొంత వృషభావతి గుండా మళ్లీ కావేరి వైపే పోతుంది. కోరమంగళ, చల్లఘట్ట లోయలో పడ్డది మాత్రం బెళ్లందూరు చెరువుకు, అక్కడి నుంచి వర్తూరు చెరువుకు, ఆపైన దక్షిణ పినాకినికి చేరుతుంది. కావేరి నుంచి తెచ్చుకున్న నీళ్లు మురుగై ఇంకో నదిలో పడుతున్నాయన్నమాట!

ఆ చెరువులను మురుగు కోసం తవ్వలేదు. పై చెరువు నిండి అలుగు పారితే నీళ్లు రాజకాలువ పట్టి కింది చెరువులో దిగేలా, వాన నీటి కోసం కట్టిన గొలుసు అది. ఊరు పెరిగాక మురుగూ అదే దారి పట్టింది. బెళ్లందూరు చెరువు దాదాపు 900 ఎకరాలు, బెంగళూరులో అన్నిటికన్నా పెద్దది. 2015 మేలో దాని నురగకు మంటలు అంటుకున్నాయి. 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో మళ్లీ చెరువులోంచి మంటలు, పొగలు లేచాయి. 2018లో ఆర్పడానికి సైనికులు కూడా దిగారు.

చెరువు మండడమేమిటి? దీనికి ఒక చిన్న లెక్క చూడాలి. 25 డిగ్రీల వేడిలో లీటరు మంచి నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములు. లీటరు ఇంటి మురుగులోని మలినాన్ని కుళ్లబెట్టడానికి బాక్టీరియాకు అయిదు రోజుల్లో దాదాపు 200 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే ఒక్క లీటరు మురుగు 25 లీటర్ల మంచి నీటి ఊపిరి లాగేసుకుంటుంది. చేపలు చచ్చి తేలడం ఎక్కువగా తెల్లవారుజామునే కనిపిస్తుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, ఎండ లేదు కాబట్టి కొత్తగా తయారు చేయదు.

ఆక్సిజన్ అయిపోయాక, అది లేకుండా బతికే బాక్టీరియా అడుగు బురదలో పని మొదలుపెడుతుంది. దాని నుంచి కోడిగుడ్డు కుళ్లిన వాసన వేసే వాయువు, మండే గుణమున్న మీథేన్ పుడతాయి. పైన గుర్రపుడెక్క ఎండి, చెత్త చేరి ఉంటే నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ ఎక్కడిదన్న దాని మీద వాదనలు ఉన్నాయి గానీ, మండే సరుకు పోగేసింది మాత్రం మురుగే. నురగ సంగతి వేరు. బట్టల సబ్బుపొడిలో నురగనిచ్చే రసాయనాలు గాలి ఆడని బురదలో సులభంగా విరిగిపోవు, పేరుకుంటాయి. పెద్ద వాన వచ్చి బురదను కదిపి, నీళ్లు అలుగు మీద నుంచి దూకితే బకెట్లో సబ్బునీళ్లు చిలికినట్టే.

శుద్ధి కేంద్రాలు లేవా అంటే ఉన్నాయి. మామూలు రెండు దశల శుద్ధి కుళ్లే మలినాన్ని చాలావరకు తీసేస్తుంది. నైట్రోజన్, ఫాస్ఫరస్ మాత్రం బాగా మిగిలిపోతాయి. గుర్రపుడెక్కకు అవి ఎరువు. అందుకే 2018 నుంచి ఇదే లోయ మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపు చేస్తుంటే, మూడో దశ శుద్ధి కూడా చేయాలని అక్కడ గొంతులు లేచాయి. కరువు నేలలో చెరువులు నిండడం చిన్న విషయం కాదు. అయినా ఆ అడిగింది న్యాయమే. ఆ నీళ్లు ఇంకేది బోరుబావుల్లోకే కదా!

మీ బడికి దగ్గరలోని చెరువును ఒక ఆదివారం గట్టు మీద నుంచే చూడండి. గుర్రపుడెక్క ఎంత మేర కమ్మింది? నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, అలుగు దాటి ఎటు పోతున్నాయి? మీ వీధి కాలువ అందులో ఎక్కడ కలుస్తుంది? పటం గీసి తరగతి గోడకు అంటించండి. నీళ్లలో మాత్రం చెయ్యి పెట్టకండి.