మాటలు రాని పిల్లలు - వినికిడి

“వాళ్ళ నాన్నకు కూడ నాలుగో యేట గాని మాటలు రాలేదు. కంగారు పడకమ్మా!” రెండేండ్లు నిండినను పలుకని బిడ్డను ఒడిలో పెట్టుకొని దిగులుపడు తల్లికి మన ఇండ్లలో పెద్దలు చెప్పు ఓదార్పు ఇది. మా మేనత్తగారి మనుమరాలి విషయమున ఈ ఓదార్పుతోనే ఏడాదికి పైగా గడచిపోయినది. అవునని తల యూచినవారిలో, కళాశాలలో ధ్వనితరంగములను గూర్చి ఏటేట పాఠములు చెప్పు నేనును ఒకడను. మూడేండ్లు నిండిన పిమ్మట పరీక్ష చేయింపగా ఆ పాపకు రెండు చెవులందును వినికిడి చాల తక్కువ అనియు, ఈ లోపము బహుశః పుట్టుకనుండియే ఉన్నదనియు తేలినది.

చెవుడేమో నన్న అనుమానము మాకు రాకపోలేదు. మా అత్తగారు పాప వెనుక నిలిచి పళ్ళెము జారవిడిచి చూచినది. పాప తిరిగినది. చెవులు బాగుగనే ఉన్నవని అందరమును నిశ్చింతపడితిమి.

ఈ పరీక్ష మోసపుచ్చునట్టిది. పళ్ళెము నేలపై పడినపుడు నేల కంపించును. ఆ కంపనము బిడ్డ కాళ్ళకు తెలియును. వెనుకనున్న మనిషి నీడ కదలినను బిడ్డ తిరుగును. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి కలదు. వినికిడి ఉన్నది, లేదు అని రెండు ముక్కలలో తేల్చదగినది కాదు.

మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనములుగల ధ్వనులను గ్రహింపగలదు. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కర్ణావర్తమున సుమారు 15,000 రోమకణములు వరుసలు తీరియుండును. ఎక్కువ పౌనఃపున్యముగల ధ్వనులను ఆవర్తపు మొదటి భాగమును, తక్కువ పౌనఃపున్యముగలవానిని దాని కొనయును గ్రహించును. మొదటి భాగమున కణములు చెడి, కొన బాగుగనున్న బిడ్డకు డప్పు మ్రోత వినబడును, లారీ చప్పుడు వినబడును, తలుపు వేసినను ఉలికిపడును. మన మాటలోని అచ్చుల బలము చాలవరకు తక్కువ పౌనఃపున్యములందే ఉండుటచే అవియు కొంత వినబడును. కాని ‘స’ వంటి ఊష్మముల శక్తి ఎక్కువగా 4,000 హెర్ట్‌జుల పరిసరములందును, ఆపైనను ఉండును. ఆ బిడ్డకు ‘సీసా’ అను మాట ‘ఈ ఆ’ అన్నట్లుండును. ఇట్టి బిడ్డ పిలిచినపుడు పలుకును, మాట నేర్వలేడు. “వాడికి అన్నీ వినబడతాయి, మొండివాడు” అని మనము తీర్మానింతుము.

మరియొక భ్రమ ఉన్నది. బొత్తిగా వినలేని శిశువును మొదటి నెలలలో ఏడ్చును, నవ్వును, ఊ కొట్టును. “గొంతు బాగుగనే ఉన్నది గదా!” అని తల్లి సంతసించును. తేడా తరువాత కనబడును. వినగల శిశువు ఏడెనిమిది నెలల వయస్సున ‘బబబ’, ‘దదద’ అని అక్షరములను గుదిగ్రుచ్చును. వినలేని శిశువునందు ఇవి చాల ఆలస్యమగును. పది నెలలు దాటినను ఇట్టి పలుకులు రాకున్న, ఇరుగుపొరుగుల ఓదార్పును కట్టిపెట్టి చెవులను పరీక్షింపవలెను.

ఇంత తొందర ఎందులకు? కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు 1984లో ప్రకటించిన పరిశోధన దీనికి చక్కని సమాధానము. హిందీలోని ‘ట’, ‘త’ ధ్వనుల భేదమును ఆంగ్లము మాటలాడు ఇండ్లలోని ఆరెనిమిది నెలల శిశువులు గుర్తింపగలిగిరి. అట్టి ఇండ్లలోనే పది, పండ్రెండు నెలలవారు చాలమంది గుర్తింపలేకపోయిరి. ‘పాట’కును ‘పాత’కును భేదమును విను శక్తిని మన పిల్లలు నిలుపుకొనుటకు కారణము, ఆ యేడాదియంతయు ఆ ధ్వనులు వారి చెవిన పడుచుండుటయే. నోరు విప్పుటకు ఎంతో ముందుగనే మెదడు ఇంటి భాషకు శ్రుతి కూడుచున్నదన్నమాట. ఆ కాలమున చెవి మూసికొనియున్న, తరువాత యంత్రము పెట్టినను పని కష్టమగును. కనుకనే మొదటి నెలలో పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల చికిత్స ప్రారంభము అను నియమమును నిపుణులు ఏర్పరచిరి.

నెలబిడ్డను పరీక్షించుట ఎట్లని సందేహము కలుగవచ్చును. ఆరోగ్యముగానున్న చెవి ధ్వనిని వినుటయే గాక తానును మిక్కిలి సన్నని ధ్వనిని వెలువరించునని 1978లో డేవిడ్ కెంప్ కనుగొనెను. నిద్రించు బిడ్డ చెవిలో చిన్న బుడిపెనుంచి ‘టిక్’ మను చప్పుళ్ళను పంపినచో, రోమకణములు ఇచ్చు ప్రతిధ్వనివంటి దానిని అందులోని మైక్రోఫోను పట్టుకొనును. బిడ్డ బదులు చెప్పనక్కరలేదు, నొప్పియు లేదు. మధ్యకర్ణమున నీరున్నను ప్రతిధ్వని రాకపోవచ్చును. కావున ఒక్క పరీక్ష తప్పినంత మాత్రమున చెవుడని భయపడరాదు. అట్టివారికి మరల పరీక్ష చేసి, తలపై చిన్న తీగలంటించి శ్రవణనాడి స్పందనమును కూడ కొలుతురు. అన్నట్లు, మధ్యకర్ణపు నీటికి చికిత్స కలదు. చెవిలో కాచిన నూనె పోయుట మాత్రము చికిత్స కాదు.

వినికిడి చక్కగానుండియు పేరుపెట్టి పిలిచిన తిరుగని పిల్లలు కొందరుందురు. బిస్కట్టు పొట్లము విప్పు చప్పుడునకు పక్కగదినుండి పరుగెత్తి వచ్చుదురు. తల్లి పిలుపునకు మాత్రము తల యెత్తరు. వేలు చూపి “అదిగో కాకి” అన్నట్లు ఇతరులకు చూపరు. కుక్కరు కూత వినగానే చెవులు మూసికొని విలపింతురు. ఇవి ఆటిజము సూచనలు కావచ్చును. 1943లో లియో కానర్ వర్ణించిన పదునొకండుగురు పిల్లలలో కొందరిని అంతకుముందు చెవిటివారని భ్రమించియుండిరి. కనుక మొదట చెవుల పరీక్ష, అది సరిగానున్న వెంటనే బిడ్డ ఎదుగుదలను పరీక్షించు నిపుణుని దర్శనము. తల్లి ప్రేమ చాలకపోవుటచే ఆటిజము కలుగునని ఒకప్పుడు కొందరు వైద్యులే చెప్పిరి. అది శుద్ధ తప్పు.

తల్లిదండ్రులిద్దరును చక్కగా వినువారైనను బిడ్డకు చెవుడు రావచ్చును. చెవిటి పిల్లలలో నూటికి తొంబదిమందికి పైగా అట్టి దంపతులకు పుట్టినవారే. లోపపు జన్యువు తల్లియందొకటి, తండ్రియందొకటి దాగియుండి బిడ్డయందు రెండును కలియుట ఒక కారణము. మేనరికములలో దీనికి అవకాశము హెచ్చు. గర్భిణికి రుబెల్లా సోకుట మరొక కారణము.

అన్ని ప్రసూతి ఆసుపత్రులలోను ఈ పరీక్ష జరుగుట లేదు, అడిగి చేయించుకొనవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందములు అంగన్‌వాడీలకును, ప్రభుత్వ పాఠశాలలకును వచ్చి పిల్లలను చూచును. సికిందరాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రము కలదు. యంత్రముతో బాటు సంజ్ఞాభాషయు నేర్పవచ్చును, అదియు భాషయే.

మా పాప ఇప్పుడు రెండవ తరగతి. రెండు చెవులకును యంత్రములున్నవి. కథలు చెప్పును, తగవులాడును. ‘స’ను మాత్రము ఇంకను తరచు మింగివేయును. ఉపాధ్యాయిని నల్లబల్లవైపు తిరిగి మాటలాడినచో పాఠము సగము అందదట. ఆ సంగతి చెప్పినది మొదలు ఆమె వ్రాయుట ముగించి, పిల్లలవైపు తిరిగి, అప్పుడు మాటలాడుచున్నది.