టాబ్లెటు కొనుగోలులో కంపెనీ పేరును, పిమ్మటి పూచీయును

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చుటకై 2022 సంవత్సరము జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సంఘపు లెక్కల మాట యటుండగా, సభ్యులును తమ యిండ్లకు టాబ్లెటులను కొనుచున్నారు. పంటల ధరలు, బ్యాంకు లెక్కలు, పిల్లల చదువు అన్నియు దానిలోనే జరుగును. అంగడిలో ఒకే కొలత తెర గల రెండు యంత్రములలో ఒకదాని వెల రెండవదానికి రెండింతలుండుట చూచి రైతు తికమకపడుట సహజమే.

ఎద్దును కొనునప్పుడు పండ్లు చూతుము, సుడులు చూతుము, నడిపించి చూతుము. టాబ్లెటు లోపలి గుణ మట్లు కంటికి దొరకదు. కావున కంపెనీ పేరునుబట్టి పోవుట తప్పుగాదు. అయితే పేరు గడచిన కాలమునకు సాక్ష్యము. మనము కొనునది రాబోవు నాలుగైదేండ్ల పని. కంప్యూటరుల వ్యాపారమున ప్రఖ్యాతిగాంచిన హెచ్‌పీ కంపెనీ అమెరికాలో టచ్‌ప్యాడ్ అను టాబ్లెటును 2011 జూలై 1వ తేదీన అమ్మకమునకు పెట్టి, ఆగస్టు 18వ తేదీననే దాని నిక చేయబోమని ప్రకటించినది. 499 డాలర్ల సరకును 99 డాలర్లకు వదలించుకొనినది!

చౌకయు నట్లే మోసపుచ్చవచ్చును. ఆ సంవత్సరమే అక్టోబరు 5వ తేదీన విద్యార్థులకై వెలువడిన 'ఆకాశ్' టాబ్లెటు మన హైదరాబాదులో కూర్పబడినది. ప్రభుత్వమునకు పడిన వెల 2,276 రూపాయలు. ఉద్దేశము మెచ్చదగినదే. కాని 256 మెగాబైట్ల మెమరీతో, గట్టిగా నొక్కినగాని పలుకని తెరతో అది మందకొడిగా నడచెనని వాడినవారు మొఱపెట్టిరి.

ఇక ముఖ్యమైన సంగతి. టాబ్లెటును నడపు సాఫ్టువేరులో దొంగలు దూరుటకు వీలైన కన్నములు ఎప్పటికప్పుడు బయటపడుచుండును. వానిని పూడ్చుటకు కంపెనీ పంపునవే అప్‌డేటులు. అవి నిలిచిన పిమ్మట యంత్రము నడచుచునే యుండును గాని, దానిలో బ్యాంకు లావాదేవీలు చేయుట తలుపు తీసి నిద్రపోవుటవంటిది. ఆండ్రాయిడును గూగులు తయారుచేసినను, దానిని తన యంత్రమునకు సరిపఱచి పంపవలసినవాడు ఆ యంత్రము చేసిన కంపెనీవాడే. అందుచేత ఆండ్రాయిడు టాబ్లెటులన్నియు నొక్కటి కావు. ఆపిల్ కంపెనీ 2014లో తెచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2నకు 2021లో సయితము క్రొత్త సాఫ్టువేరు లభించినది. వెల యెక్కువైనను, ఏండ్లతో భాగించి చూచినచో లెక్క మాఱును. "ఈ మోడలునకు ఏ సంవత్సరము వఱకు భద్రతా అప్‌డేటులు వచ్చును?" అని దుకాణదారు నడుగుడు. అతడు నీళ్లు నమలినచో కంపెనీవారి ప్రకటనను చూపుమనుడు.

మరమ్మతు మాట. ఆయిలింజను కొనునాడు దాని విడిభాగములు దగ్గర పట్టణమున దొరకునో లేదో మన పెద్దలు ముందే విచారించెడివారు. టాబ్లెటు బ్యాటరీ లోపల బిగింపబడి యుండును. మార్చుటకు పనివాడు కావలెను. సర్వీసు సెంటరు జిల్లా కేంద్రమున నున్నదా, లేక యంత్రమును పార్సెలులో పంపి నెల దినములు వేచియుండవలెనా? కొనకముందే ఆ సెంటరునకు ఫోను చేసి, బ్యాటరీకిని తెరకును ఎంత యగునో కనుగొనుడు.

యంత్రముపైన భారతీయ ప్రమాణముల సంస్థ యిచ్చు 'ఆర్' అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య యుండవలెను. బిల్లుపై మోడలు పేరును, యంత్రపు సంఖ్యయును వ్రాయించుకొనుడు. బిల్లు లేని సరకునకు వారంటీ యడుగుట కష్టము. వారంటీ యుండియు మరమ్మతు నిరాకరించినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరున ఫిర్యాదు చేయవచ్చును.